బన్నక్క భట్టీ ఆర్పిన సంగతి

బన్నక్కకు ముక్కు మీద కోపం అంటారు ఆ వీధిలో. తప్పు. ఆమె కోపం ముక్కు మీద కాదు, చేతుల్లో ఉంటుంది. ఇంట్లో ఎవరితోనైనా మాటామాటా వచ్చిన రోజున పిండి ముద్దని ఎత్తెత్తి బల్లకేసి బాదుతుంది. ఆ రోజు బన్నులు దూదిపింజల్లా వస్తాయి. పక్క కొట్టు దర్జీకి ఈ రహస్యం తెలుసు. పొద్దున్నే గుమ్మంలో నిలబడి, "ఏం బన్నక్కా, ఈ రోజు ఇంట్లో గొడవేమైనా జరిగిందా? లేకపోతే రస్కులే ఇవ్వు" అంటాడు.

బన్నక్క వాళ్ళ బేకరీ మూడు గదులు, ఒకదాని వెనక ఒకటి. ముందు గదిలో గాజు బీరువా, గల్లాపెట్టె, వీధిలోకి షట్టరు. మధ్య గదిలో పిండి బస్తాలు, పిసికే బల్ల, ట్రేలు పెట్టే అరలు. వెనక గది నిండా భట్టీ. మనిషి నిలబడి పనిచేయడానికి కాస్త చోటు వదిలితే తక్కినదంతా ఇటుకల గుట్టే. దానికి నడుమెత్తున ఇనప తలుపు, లోపల కమాను కప్పు. మేడ మీద కాపురం. చిన్నకోడలిగా వచ్చిన కొత్తలో చలికాలం మేడ మీద గచ్చు వెచ్చగా తగులుతుంటే బన్నక్క తెగ మురిసిపోయింది. ఎండాకాలం వచ్చాక గానీ అసలు సంగతి బోధపడలేదు.

ఆ భట్టీ ఆరదు. మామగారు కుర్రతనంలో వెలిగించింది, ఆయన పోయాక కూడా మండుతూనే ఉంది. సాయంత్రం చివరి ట్రే బయటికొచ్చాక అత్తగారు ఇనప పారతో నిప్పులన్నీ వెనక మూలకి తోసి, పైన బూడిద కప్పి, తలుపేసి, సందుల్లో తడి మట్టి మెత్తుతుంది. తెల్లారి మట్టి కొట్టి తలుపు తీస్తే నిప్పు ఎర్రగా కణకణలాడుతూ ఉంటుంది. ఆ పని ఆవిడ ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు. రాత్రి రెండు మూడుసార్లు లేచి, మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి, తలుపు మీద అరచెయ్యి ఆనించి చూసి మళ్ళీ ఎక్కుతుంది. కోడలు అడిగితే, "నిద్ర పట్టలేదులేవే" అంటుంది. భర్త పోయిన దగ్గర్నుంచీ ఆవిడకి నిద్ర పట్టడమే లేదు మరి.

దానికి కారణం ఉంది. మామగారు పోయే ముందు ఇద్దరు కొడుకుల్నీ దగ్గరకి పిలిచి, "ఈ భట్టీలో నిప్పున్నంత కాలం కొట్టు పంచుకోకండి. ఆరిన రోజున మీ ఇష్టం" అన్నాడట. ఇద్దరూ సరే అన్నారు. చిన్నవాడు, అంటే బన్నక్క మొగుడు, ఏడుస్తూ అన్నాడు. పెద్దవాడు తండ్రి చెయ్యి పట్టుకుని అన్నాడు.

బన్నక్క బావగారు మాట తప్పే మనిషి కాదు, ఏమాటకామాటే చెప్పుకోవాలి. స్థలాలు అమ్మిపెట్టడం, కొనిపెట్టడం ఆయన వ్యాపారం. రెండు వీధుల అవతల వేరు కాపురం. ఆ వీధిలో ముందు గదులకి ఎంత గిరాకీ ఉందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. అయినా పంపకం ఊసెత్తలేదు. ఆదివారం ఆదివారం వస్తాడు. తిన్నగా వెనక గదిలోకి వెళ్ళి భట్టీ తలుపు సందులోంచి ఓసారి తొంగి చూస్తాడు. నిప్పు కనబడుతుంది. ఆ తర్వాత, "అమ్మా, ఒంట్లో ఎలా ఉంది?" అని అడుగుతాడు. పలకరింపులు ఆ వరసలోనే జరుగుతాయి.

ఇలా ఉండగా బ్రెడ్డులో ఇసక తగలడం మొదలైంది.

మొదట ఎవరో పిల్లాడి తల్లి వచ్చి చెప్పింది, పంటి కింద కరకరమంటోందని. తర్వాత ఇంకొకరు. అత్తగారు పిండి కొట్టువాణ్ణి పిలిపించి చెడామడా తిట్టింది. పిండి మార్చారు. ఇసక తగ్గలేదు. ఉప్పు మార్చారు. జల్లెడ మార్చారు. బన్నక్క మొగుడు పిండిని ఒకసారి జల్లించి, మళ్ళీ జల్లించి, ఆఖరికి అత్తగారి పల్చటి చీరలో వేసి కూడా జల్లించాడు. పిండి కొట్టువాడు అలిగి మాట్లాడ్డం మానేశాడు. పాపం అతని పిండిలో ఏ దోషమూ లేదు, ఇప్పటికీ ఎవరూ ఆ మాట అతనికి చెప్పలేదనుకుంటా.

బన్నక్క గమనించింది ఒకటే. ఎవరు ఫిర్యాదు చేసినా ఆ బ్రెడ్డు భట్టీలో కుడివైపు లోపలి మూల కాలిందే అయ్యుంటోంది. ఆ మూల కాలినదానికి రంగు కాస్త ముదురుగా ఉంటుంది, చూస్తే ఆమెకి తెలిసిపోతుంది. ఒక రోజు ఖాళీ ట్రేకి నూనె రాసి, పిండి పెట్టకుండా ఆ మూలకి తోసి, కాసేపాగి తీసింది. నూనె మీద ఎర్రటి ఇటుక పొడి. ఆ మధ్యలో గోరంత పెంకు కూడా.

మెడ వంచి లోపలికి చూద్దామంటే మంట. ఎన్నేళ్ళుగానో రోజూ ముందు నిలబడి పనిచేస్తున్న భట్టీ లోపల ఎలా ఉంటుందో ఆ ఇంట్లో బతికున్న వాళ్ళెవరూ చూడలేదు. చూడాలంటే ఆరాలి. ఆరితే పంచుకోవాలి. పంచుకుంటే ముందు గది బావగారు చెప్పుల కొట్టుకి అద్దెకిస్తాడు, మధ్య గదీ వెనక గదీ ఇంకెవరికో చూస్తాడు, బన్నక్క ఏ ఫ్యాక్టరీ బ్రెడ్డుకో ప్యాకెట్లు కట్టే పనికి పోవాలి. ఆమెకి వచ్చిన పని ఒకటే. ఆ పని ఆమెకి ప్రాణం.

కల అప్పుడే మొదలైంది.

కలలో ఆమె తలుపు తీస్తుంది. లోపల చీకటి. చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. బూడిద మెత్తగా ఉంటుంది. మోకాళ్ళ మీద వంగి లోపలికి పాకుతుంది, పాకుతూనే ఉంటుంది, ఎంతకీ చివర రాదు. అంతే కల. వారంలో సగం రోజులు ఇదే.

మొగుడికి చెప్పింది. ఆయన మూడు చక్రాల బండి మీద బ్రెడ్డు ఊరంతా వేసొచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. "ఆలస్యంగా తిని పడుకుంటే అలాంటివే వస్తాయి. త్వరగా తిను" అన్నాడు. ఆయనకి ఏ జబ్బుకైనా మందు త్వరగా తినడమే.

దర్జీకి చెప్పింది. అతను మెడలో టేపు సవరించుకుని, పెద్ద పండితుడిలా కళ్ళు మూసుకున్నాడు. "నిప్పు ఆరడమంటే పగ చల్లారడం బన్నక్కా. ఎవరితోనో నీకు రాజీ కుదురుతుంది. మంచిదే."

"మొన్న ఎవరికో నిప్పు కలలోకొస్తే ధనయోగం అన్నావటగా?"

"అది మండే నిప్పు. ఇది ఆరిన నిప్పు. తేడా లేదూ?" అన్నాడు దర్జీ. ఆ రోజు అతనికి బన్ను ఊరికే ఇవ్వలేదు.

ఆదివారం ఆ కబురు బావగారి చెవిన కూడా పడింది. ఆయన మొహం విప్పారింది చూడండీ! "చాలా మంచి కల అమ్మాయ్! అలాంటి కలలు ఊరికే రావు. మళ్ళీ వస్తే చెప్పు" అన్నాడు. పోతూ పోతూ భట్టీ తలుపు దగ్గర మామూలు కన్నా కాస్త ఎక్కువసేపు నిలబడ్డాడు.

అత్తగారు మాత్రం మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. ఉల్లిపాయ తరుగుతున్న కత్తి ఆపి, "కలలో నేనెక్కడున్నానే?" అని అడిగింది.

అత్తగారు కలలో లేదు. ఒక్కసారి కూడా రాలేదు. బన్నక్కకి ఆ సంగతి అప్పుడే తట్టింది. "మీరు నా పక్కనే ఉన్నారత్తయ్యా" అంది. అబద్ధం చెప్పినందుకు ఆమెకి ఏమీ అనిపించలేదు. అసలు దాచిన మాట వేరే ఉంది. ఆ కలలో ఆమెకి భయం వేయదు. సంతోషం కలుగుతుంది. చల్లటి బూడిదలో చెయ్యి పెట్టినప్పుడల్లా ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయినట్టు, నవ్వొచ్చేంత హాయిగా ఉంటుంది. తెల్లారి లేచాక ఆ హాయి గుర్తొచ్చి సిగ్గుపడి చచ్చిపోయేది. తనకి అన్నం పెట్టే భట్టీ ఆరితే సంతోషపడే మనిషి తనేం మనిషి?

దానికి జవాబు పై నుంచి పడింది. మాటవరసకి అనడం లేదు, నిజంగానే పడింది.

పొద్దున్న రద్దీ వేళ. ముందు గదిలో జనం నిలబడి ఉన్నారు. బన్నక్క పొడుగు చెక్క తెడ్డు మీద బన్నుల ట్రే పెట్టి కుడి మూలకి తోస్తోంది. లోపల ధబ్బుమని చప్పుడు. తెడ్డు విరిగి ఆమె చేతుల్లోంచి ఎగిరింది. నిప్పురవ్వలు మొహం మీదకి లేచాయి. వెనక్కి గెంతి, జబ్బలు దులుపుకుని, విరిగిన తెడ్డుతోనే ట్రేని బయటికి లాగింది. బన్నుల మధ్య సగం ఇటుక కూర్చుని ఉంది, తనూ వాటితోపాటు పొంగబోతున్నట్టు.

దర్జీ తొంగి చూసి, "ఈ బన్ను మరీ మాడినట్టుందే" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

మొగుడు పరిగెత్తుకుంటూ వెళ్ళి మేస్త్రీని పట్టుకొచ్చాడు. పాతకాలం మనిషి, చెవి సరిగ్గా వినబడదు కాబట్టి అందరికీ వినబడేలా మాట్లాడతాడు. తలుపు దగ్గర నిలబడి టార్చి కొట్టి చూశాడు, మొహం కాలి వెనక్కొచ్చాడు. "లోపల కమాను పగిలింది. ఆ ముక్క పడ్డాక పక్కవాటికి ఆసరా లేదు. చల్లారితేనే బాగుచేయగలం."

"వేడి మీద ఏమీ చేయలేమా?" అని అరిచాడు మొగుడు.

"చేయొచ్చు. లోపలికి నువ్వెళ్తానంటే చేద్దాం."

"ఎన్నాళ్ళాగుతుంది?" అని అడిగింది బన్నక్క.

"ఇవాళ ఆగుతుంది. రేపటి మాట దానికే తెలీదు" అన్నాడు మేస్త్రీ.

ఆ మధ్యాహ్నం పిసికే బల్ల చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. అత్తగారే ముందు నోరు విప్పింది. "ఇనప బాండీలోకి నిప్పులు తీద్దాం. మేడ మీద నా మంచం పక్కన పెట్టుకుని బొగ్గులేస్తూ కాపాడతాను. భట్టీ బాగయ్యాక మళ్ళీ అందులోనే పోద్దాం. నిప్పు ఆరినట్టు కాదు. పెద్దాడు వస్తే బాండీ చూపిద్దాం."

మొగుడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "అమ్మ చెప్పింది భేషుగ్గా ఉంది."

"నాకు బాగాలేదు" అంది బన్నక్క.

ఇద్దరూ ఆమె వంక చూశారు. ఆమె చేతిలో పిండి ముద్ద ఉంది, ఊరికే కూర్చోలేక పట్టుకున్నది. దాన్ని బల్ల మీద పెట్టింది, కొట్టలేదు. మొగుడికి అదే ఎక్కువ భయమేసింది.

"ఇన్నేళ్ళూ నిప్పుని అడ్డం పెట్టుకుని బతికాం. బావగారు మనల్ని చూసి ఆగలేదు, నిప్పుని చూసి ఆగారు. రేపు బాండీని అడ్డం పెట్టుకుంటాం. అది ఆరితే ఎల్లుండి దేన్ని పెట్టుకుంటాం? కప్పు కూలుతున్నా కదిలించలేకపోయామంటే ఈ నిప్పు వల్లే కదా! కొట్టు ఉంచండి అని ఆయన్ని మనలో ఒక్కరైనా నోరు తెరిచి అడిగామా?"

"అన్నయ్యని అడగడమా?" అన్నాడు మొగుడు, ఏదో పులి నోట్లో తల పెట్టమన్నట్టు.

అత్తగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "అడిగితే ఇస్తారనుకున్నావా? బాగా చెప్పొచ్చావు! ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నన్నెవరైనా 'నీకేం కావాలి' అని అడిగారా? మీ మామగారు అడిగాడా? పోతూ పోతూ కొడుకుల్ని పిలిచి చెప్పాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, నా వైపైనా చూళ్ళేదు. నాకు మిగిలింది ఆ నిప్పు ఒక్కటే. దాన్ని ఆర్పమంటావా?"

బన్నక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ పట్టు సడలలేదు.

"నేనడుగుతున్నాను. మీకేం కావాలత్తయ్యా?"

అత్తగారు నోరు తెరిచింది. అంత పెద్దావిడ, ఊరందరికీ సమాధానం చెప్పగల మనిషి, ఆ ఒక్క ప్రశ్నకి తడబడిపోయింది. లేచి, మోకాళ్ళు పట్టుకుని, మేడెక్కిపోయింది.

బన్నక్క ఫోను తీసింది. మొగుడు వద్దు వద్దని చేతులు ఊపుతుండగానే మాట్లాడింది. "బావగారూ, నమస్కారం. భట్టీ ఆర్పుతున్నాం. కప్పు పడిపోయేలా ఉంది. మీరు ఆదివారం దాకా ఆగక్కర్లేదు, ఎప్పుడొచ్చినా సరే. నేను లోపల పనిలో ఉంటాను." "నిజంగానా?" అన్నాడాయన. పాపం, ఆయనకీ కాళ్ళూ చేతులూ ఆడినట్టు లేదు.

నీళ్ళు పొయ్యకండి, ఇటుకలు పగుల్తాయి అని మేస్త్రీ గట్టిగా చెప్పాడు. అందుకని బన్నక్క పారతో నిప్పులు లాగి, వెనక సందులో ఇసక పోసిన డ్రమ్ములో పడేసింది. పారకి వచ్చిన ప్రతి నిప్పు కణికా ఎవరో పెద్దవాళ్ళు తనవైపు చూసినట్టే అనిపించింది. చేతులు ఆపలేదు. ఆఖరి పార ఇసకలో పోసి, పైన ఇంకాస్త ఇసక కప్పి, భట్టీ తలుపు బార్లా తెరిచి పెట్టింది. అత్తగారు కిందకి రాలేదు.

మర్నాటికి భట్టీ గోరువెచ్చన, ఆ మర్నాటికి చల్లన. ఆ పొద్దున అత్తగారు తనంతట తానే మెట్లు దిగి వచ్చింది. "గచ్చు చల్లగా ఉందే" అంది. భట్టీ ఎదురుగా ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది.

లోపలికి ఎవరు దూరాలి? మేస్త్రీ మోకాళ్ళు వంగవు. మొగుడు దూరబోయాడు. తల వెళ్ళింది, భుజాలు వెళ్ళాయి, పొట్ట దగ్గర బిగుసుకుపోయాడు. ముందుకీ వెళ్ళడు, వెనక్కీ రాడు. కాళ్ళు పట్టుకుని లాగాల్సొచ్చింది. అత్తగారికి నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది. బన్నక్క చీర కుచ్చిళ్ళు దోపి, తలకి గుడ్డ కట్టుకుని, టార్చి నోట కరుచుకుని పాకింది.

లోపల కుడివైపు కప్పు కడుపులా కిందకి జారి ఉంది. అరచెయ్యి పట్టేంత సందు. ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకుని ఎలాగో నిలబడి ఉన్నాయి. ఇన్నాళ్ళూ దీని కిందనా నేను చేతులు పెట్టింది, అనుకుంది. కలలో కలిగిన సంతోషం ఎందుకో అప్పుడర్థమైంది. ఆమె కోరుకున్నది భట్టీ చావడం కాదు. దాన్ని ఒక్కసారి కళ్ళారా చూసి, చెయ్యి వేసి, బాగుచేయడం. అందులో సిగ్గుపడాల్సిందేముంది? బూడిదలో వెల్లకిలా పడుకుని గట్టిగా నవ్వేసింది. బయట మొగుడు, "ఏమైందే?" అని కంగారుపడ్డాడు.

మేస్త్రీ బయట నిలబడి అరుస్తాడు, ఆమె లోపల చేస్తుంది. కింద చెక్కల ఆసరా పెట్టించాడు. వదులు ఇటుకలు తీయించాడు. కొత్త ఇటుకలు, వేడికి ఓర్చుకునే మట్టి తెడ్డు మీద పెట్టి, అచ్చం బన్నుల ట్రే తోసినట్టే లోపలికి తోశాడు. "మట్టి పల్చగా! పల్చగా అంటే వినబడదా?" అని చెవిటి మేస్త్రీ కేకలు. "వినబడుతోంది బాబూ, మీకే వినబడట్లేదు" అని లోపల్నుంచి ఆమె కేకలు.

అప్పుడే బావగారు వచ్చాడు. బన్నక్కకి ఆయన చెప్పులే కనబడుతున్నాయి, ఆయనకి ఆమె పాదాలే కనబడుతున్నాయి. తలుపు దాకా వచ్చి, అలవాటుగా వంగి చూశాడు. లోపల నిప్పు లేదు.

"ఆరిందా అమ్మా?" అని అడిగాడు. ఆ గొంతులో సంబరం ఉంటుందనుకుంది బన్నక్క. లేదు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

"ఆరింది" అంది అత్తగారు.

"నాన్న మాట ప్రకారం..."

"తెలుసు. నేనూ అక్కడే ఉన్నాగా, విన్నాను. పంచుకోండి."

బన్నక్క చేతిలో ఇటుక ఉంది. మట్టి రాసింది, పెట్టాల్సిందే, వదిలితే మొహం మీద పడుతుంది. బయటికి వచ్చి మాట్లాడదామంటే కుదరదు. రెండు చేతులతో ఇటుకని ఒత్తిపట్టుకుని చెవులు రిక్కించింది.

"మూడు వాటాలు వెయ్యి" అంది అత్తగారు.

"మూడేంటమ్మా? మేమిద్దరమేగా."

"మరి నేనెవర్ని? మీ నాన్న నిప్పు ఒక్కసారి వెలిగించాడు. ఆ తర్వాత ఇన్నేళ్ళూ రాత్రీ పగలూ చూసిందెవరు? ఎవరూ అడగలేదు కదా అని ఊరుకున్నాను. మొన్న చిన్నది అడిగింది, నీకేం కావాలని. రెండు రోజులు ఆలోచించాను. నాకు నా వాటా కావాలి. ఈ వెనక గది నాది. భట్టీ నాది. ముందు గది నువ్వు తీసుకో, చెప్పుల కొట్టుకిచ్చుకో, నీ ఇష్టం. మధ్య గది తమ్ముడికి. ఇంకేమన్నా అనాలనుంటే ఇప్పుడే అను."

"వెనక గదితో ఏం చేస్తావమ్మా? దానికి వీధి కూడా లేదు."

"వెనక సందుంది. కిటికీ కొట్టిస్తాను. బన్నులు కావాల్సినవాడు సందులోకి రాలేడా?"

బావగారు తమ్ముడి వంక చూశాడు. బన్నక్క మొగుడు అప్పటిదాకా గోడకి అతుక్కుపోయి ఉన్నాడు. గొంతు సవరించుకుని, "అమ్మ చెప్పినట్టే కానీ అన్నయ్యా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అన్నకి ఎదురు చెప్పిన మొదటి మాట అది.

బావగారు ముక్కాలి పీట పక్కన గొంతుకూర్చున్నాడు. "నువ్వెప్పుడూ అడగలేదేంటమ్మా" అన్నాడు మెల్లగా. అత్తగారు ఆయన తల మీద చెయ్యి వేసింది. అంత మాత్రాన ఆయన వాటా వదులుకున్నాడనుకునేరు, అదేం లేదు. నెల తిరక్కుండా ముందు గదిలో చెప్పుల కొట్టు వెలిసింది. గాజు బీరువా మధ్య గదిలోకి జరిగింది. వెనక సందులోకి కిటికీ తెరిచారు. సందు ఇరుకు, వానాకాలం బురద. పాత ఖాతాదార్లు కొందరు రావడం మానేశారు. అది బన్నక్కకి కష్టంగానే ఉంది, లేదని ఎలా చెప్తాం? బేరం తగ్గిన రోజున పిండి ముద్ద తిట్లు తిన్నట్టు దెబ్బలు తింటుంది. బన్నులు బాగా వస్తాయి. ఆ వాసనకి కొత్తవాళ్ళు సందులోకి తొంగి చూస్తారు.

కానీ అదంతా తర్వాత. ముందు భట్టీ వెలిగించాలి కదా. మట్టి ఆరాక మేస్త్రీ వచ్చి తట్టి చూసి, "ఇక అంటించండి. సన్న పుల్లలతో మొదలెట్టి, రోజుకి కాస్త కాస్త పెంచండి. తొందరపడ్డారో మళ్ళీ పగులుతుంది" అన్నాడు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ బేకరీలో అగ్గిపెట్టె లేదు! ఎందుకుంటుంది? ఎప్పుడైనా అవసరం పడితేనా? దర్జీ తన కొట్లోంచి తెచ్చిచ్చాడు. ఇస్తూ, "చూశావా బన్నక్కా, రాజీ కుదురుతుందని ఆ రోజే చెప్పాను" అన్నాడు. ఈసారి అతనికి బన్ను ఊరికే ఇస్తానని మాటిచ్చింది.

పుల్ల గీసింది బన్నక్క. మొదటిది ఆరింది. రెండోదీ ఆరింది. అత్తగారు పక్కన వంగి, గాలి తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టింది. మూడోది అంటుకుంది. చిన్న మంట, చూస్తే నవ్వొచ్చేంత చిన్నది. రోజుల తరబడి దాన్ని అలాగే కొంచెం కొంచెంగా మేపారు. మేపుతున్నంతసేపూ బన్నక్క ప్రాణం కప్పు మీదే ఉంది. కప్పు కదల్లేదు. పూర్తి వేడి ఎక్కిన రోజున కుడి మూలకే మొదటి ట్రే తోసింది. బ్రెడ్డు తీసి, కోసి, అత్తగారికిచ్చింది. ఆవిడ నమిలింది, చాలాసేపు నమిలింది, ఇసక కోసం వెతికినట్టు. "ఏమీ లేదే" అంది. కోడలి బుగ్గ మీద మసి ఉంది, దాన్ని కొంగుతో తుడిచింది.

ఆ సాయంత్రం చివరి ట్రే బయటికొచ్చింది. బన్నక్క పార తెచ్చి అత్తగారి చేతికివ్వబోయింది. ఆ పని ఆవిడదే కదా. నిప్పులు ఎర్రగా ఉన్నాయి, బూడిద కప్పితే తెల్లారేదాకా ఉంటాయి.

అత్తగారు పార అందుకోలేదు. భట్టీలోకి కాసేపు చూసింది. తర్వాత మెట్ల వైపు తిరిగింది.

"వదిలెయ్యవే. ఆరిపోతే ఆరిపోనీ, పొద్దున్నే అంటించుకుందాం. మనకి అంటించడం వచ్చుగా ఇప్పుడు" అంది. "నాకు నిద్రొస్తోంది."